పండక్కి రాజమండ్రిలోనే ఆగండి

నిడదవోలు దాటాక బోగీలో ఎవరూ పడుకుని ఉండరు. అప్పటిదాకా దుప్పటి ముసుగు తీయని వాళ్ళు కూడా లేచి చెప్పులు వెతుక్కుంటుంటారు. పై బెర్తుల మీంచి సంచులు దిగుతుంటాయి. ఒక పెద్దావిడ ఫోనులో "కొవ్వూరు వచ్చేత్తన్నాం, బండట్టుకు రారా అబ్బాయ్" అని బోగీ అంతా వినబడేలా చెబుతోంది. భోగికి ముందురోజు. సికింద్రాబాద్ నుంచి రాత్రంతా ఒత్తుకుని వచ్చిన జనం. మీరు తలుపు దగ్గరికి వచ్చి నిలబడండి. గాలి చురుక్కుమంటుంది, చెవులకి తువ్వాలు చుట్టుకోండి.

కొవ్వూరు దాటగానే చప్పుడు మారుతుంది. చక్రాల కింద నేల పోయి నీళ్ళొచ్చాయని కళ్ళు మూసుకున్నా తెలిసిపోతుంది. మీ బండి ఆర్చీల వంతెన ఎక్కింది గనక ఇటూ అటూ తెల్లటి కాంక్రీటు విల్లులు ఒకదాని వెనక ఒకటి వెనక్కి పోతుంటాయి. అవి 28. ఒక్కొక్కటీ వంద మీటర్లకి రెండు మూడు మీటర్లు తక్కువ. 1997లో ఇది వచ్చాకే పక్కనున్న పాత వంతెనకి విశ్రాంతి దొరికింది. 1900 నుంచి మద్రాసు, కలకత్తా బళ్ళని మోసిన హేవలాక్ వంతెన అది. మంచులో దాని స్తంభాలు సగమే కనిపిస్తాయి. దాన్ని పర్యాటకుల కోసం బాగుచేస్తామని 2025 జూన్‌లో శంకుస్థాపన చేశారు. పక్కనున్న కుర్రాడు జేబులోంచి నాణెం తీసి విసురుతాడు. వాళ్ళ నాన్న అలాగే విసిరేవాడట. మీరూ వెయ్యండి, రూపాయితో పోయేదేముంది!

ఇక ఇక్కడ జనం చేసేదొకటి చూడండి. స్టేషన్లో దిగీ దిగగానే అందరూ పరుగే. అమలాపురం బస్సు, రావులపాలెం బస్సు, మండపేట, రామచంద్రపురం. పండక్కి రాజమండ్రి అంటే సగంమందికి దిగి బస్సు మారే చోటు, అంతే. వాళ్ళ ఊళ్ళు వాళ్ళకి ముద్దు, కాదనను. కానీ ఊరంటూ లేనివాళ్ళు, ఉన్నా అక్కడ ఇల్లు లేనివాళ్ళు, మూడు రోజులు హైదరాబాదులో టీవీ ముందు కూర్చునేవాళ్ళు ఈ ఊళ్ళోనే దిగి ఉండిపోవచ్చు. 2011 లెక్కల ప్రకారం జనాభా మూడు లక్షల నలభై వేల పైచిలుకు. నడిచి తిరగగలిగినంత చిన్నది, మూడు రోజులకి తరగనంత పెద్దది.

స్టేషన్ బయట ఆటో అబ్బాయి వచ్చి సంచి అందుకుంటాడు. "ఎక్కడికండీ?" పుష్కరాల రేవుకి అంటారు మీరు. "ఎక్కండి. తానానికాండీ?" అంటాడు. ఎంతివ్వాలని అడిగితే "పండగ కదండీ, మీరే చూసివ్వండి" అంటాడు. ఈ మాట నమ్మి ఎక్కకండి. మర్యాద మర్యాదే, బేరం బేరమే. ముందే అడగండి. ముందే చెప్పించుకున్నా మర్యాదలో ఒక్క 'అండి' కూడా తగ్గదు.

రేవులో మెట్లు తడిగా ఉంటాయి, చూసుకుని దిగండి. మార్కండేయస్వామి గుడి గంట మోగుతోంది. నలుగురైదుగురు ఆడవాళ్ళు మోకాలి లోతులో నిలబడి పసుపు రాసుకుంటున్నారు. ఒక ముసలాయన ఒక్క మునకేసి "హమ్మయ్యో" అని అరిచి, మళ్ళీ రెండో మునక వెయ్యాలా వద్దా అని ఆలోచిస్తున్నాడు. నీళ్ళలో చెయ్యి పెట్టి చూడండి, గాలి కన్నా నీళ్ళే వెచ్చన. దూరంగా ఒక నావ ఉంది, కదులుతోందో ఆగి ఉందో చెప్పలేం. అవతలి ఒడ్డు కొవ్వూరు అని తెలుసు గనక కొవ్వూరు అనుకోవాలి, మంచు విడేదాకా అటువైపు ఏమీ లేదు.

ఈ నిండుదనం చూసి మురిసిపోయే ముందు ఒక సంగతి తెలుసుకోవాలి. జనవరిలో గోదావరికి ఇంత నీరు రాదు. వానలు పోయి మూడు నెలలయింది. దిగువన ధవళేశ్వరం దగ్గర ఆనకట్ట నీటిని ఆపి వెనక్కి నిలబెట్టింది కాబట్టి ఊరి ముందు ఇలా ఒడ్డు నుంచి ఒడ్డుకి నిండుగా కనిపిస్తోంది. ఎగువన సీలేరులో కరెంటు తీసి వదిలే నీళ్ళే ఈ కాలంలో దాళ్వా పంటకి పెద్ద ఆధారం. ఆషాఢంలో వచ్చే ఎర్ర గోదావరి దేవుడిచ్చిన నది అయితే, పుష్యమాసంలో మీ కాళ్ళ ముందున్న ఈ నిశ్చలమైన గోదావరిలో మనుషుల చెయ్యి సగముంది. నాకు ఇదే ఇష్టం. వరద గోదారిని చూస్తే భయమేస్తుంది, దీని పక్కన కూర్చోవచ్చు.

గట్టు మీదే నడుచుకుంటూ వెళ్ళి దామెర్ల రామారావు చిత్రశాల చూసెయ్యండి, పండగ రోజుల్లో ఇలాంటివి మూసేస్తారు. 1897లో పుట్టి 1925లో మశూచితో పోయిన మనిషి. ఇరవై ఎనిమిదేళ్ళు నిండనే లేదు. ఆర్ట్స్ కాలేజీ ప్రిన్సిపాలుగా వచ్చిన ఇంగ్లీషు దొర ఆస్వాల్డ్ కూల్డ్రే ఈ కుర్రాడి చేతిలో ఏముందో గుర్తుపట్టాడు. అడివి బాపిరాజుకీ ఆయనే గురువు. బొమ్మల్లో ఆడవాళ్ళు నిలబడే తీరు, చీర కుచ్చెళ్ళు పడే తీరు చూడండి. ఇందాక రేవులో చూసినవాళ్ళే.

అక్కణ్ణించి వంకాయలవారి వీధిలో కందుకూరి వీరేశలింగం గారి ఇల్లు దూరం కాదు. 1881 డిసెంబరు 11 రాత్రి ఈ ఊళ్ళో ఆయన మొదటి వితంతు వివాహం జరిపించారు. అదీ చలికాలమే. ఊరు ఊరంతా ఎదురుతిరిగితే విద్యార్థులు ఆయనకి అండగా నిలబడ్డారు. ఆ ఇంటి ముందు ఒక నిమిషం ఆగినా చాలు.

మధ్యాహ్నానికి కోటగుమ్మం. పేరులో కోట ఉంది గానీ అక్కడ ఇప్పుడున్న దర్బారు రోజ్‌మిల్క్ దుకాణానిదే. చలికాలంలో చల్లటి పాలేమిటని అనుమానం వద్దు. మధ్యాహ్నం ఎండ ఇక్కడ చలికాలాన్ని లెక్కచెయ్యదు. గులాబీ రంగు పాలు గ్లాసు నిండా పోసి ఇస్తారు, అక్కడే నిలబడి తాగాలి. తియ్యదనం కాస్త ఎక్కువే అనిపిస్తుంది. గోదావరి జిల్లాల్లో ఆ ఫిర్యాదు ఎవరూ పట్టించుకోరు.

సాయంత్రం తాడితోట, మెయిన్‌రోడ్డు వైపు వెళ్ళకండి అని చెప్పాలనుంది, కానీ వెళ్ళకుండా పండగ చూసినట్టు కాదు. బట్టల దుకాణాల్లో కాలు పెట్టే చోటుండదు. ఊళ్ళనుంచి వచ్చిన కుటుంబాలు పిల్లల్ని మధ్యలో పెట్టుకుని వరసగా నడుస్తుంటాయి. రోడ్డు వారన ముగ్గు రంగుల కుప్పలు, చెరకు గడలు, రేగిపళ్ళ బుట్టలు. ఆవుపేడతో చేసిన భోగి పిడకలు చిల్లు పెట్టి దండ గుచ్చి అమ్ముతున్నారు. కడియం నుంచి వచ్చిన బంతిపూలు, చేమంతులు గోనెసంచుల్లోంచి నేల మీదికి పొర్లుతున్నాయి. ఈ ఊరికి పూలు కొరతుండవు, తోటలన్నీ పక్కనే.

ఒకచోట ఒక ముసలమ్మ తేగలు కట్టలు కట్టి పెట్టుకుని కూర్చుంది. "ఉడకేసినయ్యండి, తియ్యగా ఉంటాయి, ఇదిగో తిని చూడండి" అని ఒకటి చేతిలో పెడుతుంది. తినడం తెలియకపోతే చూసి నవ్వుతుంది, అప్పుడు తనే చూపిస్తుంది. కొన దగ్గర గోరు పెట్టి పైతోలు నిలువునా లాగేస్తుంది. రెండు బద్దలుగా చీలుస్తుంది. మధ్యలో సన్నటి మొలక తీసి "చందమామండి, ముందు ఇది తినండి" అంటుంది. తరవాత బద్ద కొరికి, పీచు పంటికి పట్టకుండా నములుతూ గుజ్జు మింగాలి. పిండి రుచి, చివర్లో చిన్న తీపి. పెద్ద రుచేం కాదు నిజానికి. కానీ కట్ట కొనకుండా అక్కణ్ణించి కదలలేరు, కదిలినా ఆవిడ కదలనివ్వదు.

రాత్రి పదిన్నరకి ఇన్నీసుపేట వీధుల్లో నడవండి. ప్రతి ఇంటి ముందూ ఆడవాళ్ళు వంగి చుక్కలు పెడుతున్నారు. పైనుంచి ఎవరో టార్చి పట్టుకున్నారు. మోటారు సైకిలు వస్తే నలుగురూ ఒకేసారి "పక్కనుంచి పొండి, పక్కనుంచి!" అని అరుస్తారు. ముగ్గు మీంచి టైరు పోనిచ్చిన మగాడికి ఆ వీధిలో పుట్టగతులుండవు.

తెల్లవారుజామున నాలుగింటికి మిమ్మల్ని అలారం లేపదు, పొగ లేపుతుంది. కిందకి దిగితే వీధి మధ్యలో భోగి మంట. విరిగిన కుర్చీ, పాత తలుపు, తాటాకులు, ఎవరింట్లోదో మంచం కోడు. పిల్లలు మెళ్ళో పిడకల దండలతో వచ్చి ఒక్కొక్కరూ మంటలో వేస్తున్నారు. ముఖానికి వేడి, వీపుకి చలి. పెద్దవాళ్ళు మంట పక్కనే నీళ్ళ బిందెలు పెట్టుకున్నారు, ఆ నీళ్ళతోనే తలంటు. పొద్దెక్కాక మీరు బస చేసిన ఇంటివాళ్ళు లోపలికి పిలుస్తారు. సాయంత్రం అయితే మనవరాలికి భోగిపళ్ళు పోస్తున్నారు రమ్మంటారు. రేగిపళ్ళు, చెరకు ముక్కలు, పూలరేకులు, చిల్లర డబ్బులు కలిపి దోసిలితో నెత్తిన పోస్తే ఆ పిల్ల ఏడవాలో నవ్వాలో తేల్చుకోలేక చివరికి డబ్బులేరుకుంటుంది.

సంక్రాంతి నాడు రేవు మళ్ళీ చూడాలి. మొన్నటి నిశ్శబ్దం లేదు. పెద్దలకి తర్పణాలు వదిలేవాళ్ళు మెట్ల నిండా కూర్చున్నారు. పురోహితుడు ఒకేసారి నాలుగు కుటుంబాలకి మంత్రం చెబుతూ గోత్రం దగ్గర మాత్రం ఆగి ఒక్కొక్కరినీ అడుగుతున్నాడు. పక్కన గుమ్మడికాయలు వరసగా, దానాలకి. వీధుల్లో హరిదాసు నెత్తిన అక్షయపాత్రతో వెళుతున్నాడు, బియ్యం పోసేటప్పుడు మోకాళ్ళ మీద కూర్చుంటాడు. గంగిరెద్దు మేళం సన్నాయి మలుపు దాటకముందే వినబడుతుంది. మధ్యాహ్నం భోజనం గురించి ఎక్కువ రాయను. అరిసెలు, పోకుండలు, జంతికలు ముందే పెడతారు, అవే అన్నం అనుకుని తినెయ్యకండి. గుమ్మడికాయ దప్పళం, కందబచ్చలి వచ్చేదాకా ఓపిక పట్టండి.

కనుమనాడు కాకైనా కదలదంటారు. ధవళేశ్వరం ప్రయాణం కిందికి రాదని సర్దిచెప్పుకుని పొద్దున్నే గారెలు తిని బయల్దేరండి. కోడిపందేలకి మాత్రం మిమ్మల్ని నేను తీసుకెళ్ళను. చట్టం వద్దంటుంది, హైకోర్టు వద్దంది, అయినా బరులు వెలుస్తూనే ఉన్నాయి. కోడి కాలికి కత్తి కట్టి దాన్ని సంప్రదాయం అనడం నాకు మింగుడుపడదు.

బ్యారేజి మీద రోడ్డు పొడుగ్గా పోతుంది, అంతా కలిపి 175 గేట్లు. ఎడమవైపు కాసింత నీరు, ఇసుక తిన్నెలు, కొంగలు. కుడివైపు నిండు నది. మధ్యలో మీరు. 1830ల కరవులో ఈ జిల్లాల్లో జనం పిట్టల్లా రాలిపోయారు. ఇంజనీరు ఆర్థర్ కాటన్ నివేదిక రాసి, కుంఫిణీ వాళ్ళని ఒప్పించి 1847లో పని మొదలుపెట్టి 1852కి ఆనకట్ట కట్టించాడు. ఇప్పుడు మీరు నిలబడ్డ బ్యారేజి దాని వారసురాలు, 1980ల మొదట్లో పూర్తయింది. దీని కింద పది లక్షల ఎకరాలు. మీరు మూడు రోజులుగా తిన్న అరిసెల బియ్యం, దానం ఇచ్చిన గుమ్మడికాయ, గంగిరెద్దుల వాడి జోలెలో పడ్డ గింజలు అన్నీ ఈ గేట్ల వెనక నిలబడ్డ నీటివే. పల్లెల్లో పండగ చూసేవాళ్ళకి పంట కనిపిస్తుంది. పంటకి కారణం కనిపించేది ఇక్కడే.

బొబ్బర్లంక మీదుగా కాలవగట్టు పట్టుకుని ఆత్రేయపురం వెళ్ళి పూతరేకులు కొనుక్కోండి. బోర్లించిన కుండ మీద పల్చటి బియ్యప్పిండిలో తడిపిన గుడ్డతో ఒక్క లాగు లాగుతుంది రేకులు చేసే ఆవిడ. రెండు క్షణాల్లో రేకు ఊడొస్తుంది. వెలుగుకి పట్టి చూస్తే అవతల ఆవిడ ముఖం కనబడుతుంది. బెల్లం, నెయ్యి వేసినవే తీసుకోండి, చాక్లెట్టు పూతరేకుల జోలికి పోవద్దు.

తిరుగు టికెట్ ముక్కనుమ మర్నాటికి పెట్టుకుంటే సుఖం. గోదావరి పుష్కరాలు 2027లో వస్తున్నాయి, అప్పుడు ఈ రేవుల్లో మనుషులే తప్ప నది కనబడదు. నది కావాలంటే చలికాలంలో రండి. రైల్వేవాళ్ళు ఇప్పుడు 60 రోజుల ముందే రిజర్వేషన్ తెరుస్తున్నారు. భోగి ముందురోజుకి దిగాలంటే నవంబరు రెండో వారంలో ఉదయం ఎనిమిదింటికి ఫోను చేతిలో పట్టుకుని కూర్చోండి, ఆలస్యమైతే వెయిటింగ్ లిస్టే.