మోటారు బీమా, ఆఖిలా వ్యవస్థ: ఒక చారిత్రక పరిశీలన

డిచ్‌పల్లి హైదరాబాదు–నాగపూరు రహదారి మీది ఊరు. నిజామాబాదు పట్టణానికి, అక్కడినుండి బోధన్‌కు పోయే దారి ఇక్కడే చీలుతుంది. నిజాం రైల్వే శాఖ 1932లో 27 బస్సులతో సంస్థానంలో రోడ్డు రవాణా ప్రారంభించింది. ఆ దశాబ్దం చివర బోధన్‌లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ వెలిసింది. ఎడ్లబండ్లు నడిచిన చెరకు బాటలలోకి క్రమంగా లారీలు, ట్రాక్టర్లు ప్రవేశించాయి. 2015లో ఫ్యాక్టరీ మూతపడింది. రహదారి మీద రద్దీ మాత్రం తగ్గలేదు. మోటారు వెళ్లిన ప్రతిచోటికీ దానివెంట ఒక ప్రశ్న కూడా వెళ్లింది: చంపే ఉద్దేశం లేకుండానే ఒకని చేతిలో మరొకని ప్రాణం పోతే, మృతుని కుటుంబ భారం ఎవరు మోయాలి?

ఆఖిలా

ఈ ప్రశ్న మోటారుకంటె ఎంతో పాతది. పొరపాటున జరిగిన హత్యకు మృతుని వారసులకు రక్తపరిహారం (దియత్) చెల్లించాలని దివ్య ఖుర్‌ఆన్, అన్నిసా సూరా 92వ ఆయతులో ఆదేశించింది. హుజైల్ తెగ స్త్రీలిద్దరు తగవుపడగా, ఒకామె విసిరిన రాయి తగిలి గర్భవతియైన రెండవ ఆమె మరణించింది. దైవప్రవక్త (స) ఆ పరిహారాన్ని రాయి విసిరినామె తండ్రి తరఫు బంధువులపై విధించారు. బుఖారీ, ముస్లిం హదీసు గ్రంథాలు రెండూ దీనిని ఉల్లేఖించాయి. ఆ బంధువర్గమే ‘ఆఖిలా’. హజ్రత్ ఉమర్ (ర) కాలంలో సైనికుల పట్టిక ‘దీవాన్’ ఏర్పడిన పిదప, ఒకే దీవాన్‌లో పేర్లున్నవారు పరస్పరం ఆఖిలా అయ్యారు. వారి భత్యాలనుండి మూడేళ్లలో ఆ మొత్తం వసూలయ్యేది. భారం మోసేవారు మారారు గాని బాధితుని హక్కు మారలేదు.

చట్టం నడిచిన దారి

బ్రిటన్ 1930లో రోడ్డు ట్రాఫిక్ చట్టం ద్వారా మూడవ పక్షపు బీమాను తప్పనిసరి చేసింది. బ్రిటిష్ ఇండియాలో 1939 మోటారు వాహనాల చట్టం అదే బాట పట్టగా, నిర్బంధ బీమా 1946 జూలై 1 నుండి అమలయింది. నిజాం పాలనలోని డిచ్‌పల్లి, సంస్థానం 1948లో యూనియన్‌లో కలిసిన తరువాత ఆ పరిధిలోకి వచ్చింది. తొలుత లారీ ప్రమాదంలో బీమా కంపెనీ బాధ్యతకు 20,000 రూపాయల హద్దు ఉండేది. అది 50,000కు, 1982లో 1,50,000కు పెరిగింది. 1988 చట్టం మరణానికీ గాయానికీ ఆ హద్దును పూర్తిగా తీసివేసింది. ఇంతలో 1973లో సాధారణ బీమా జాతీయమై, 107 సంస్థలు నాలుగు ప్రభుత్వ కంపెనీలుగా కుదించబడ్డాయి. 2000 తరువాత ప్రైవేటు కంపెనీలు తిరిగి వచ్చాయి.

రకాలు

పాలసీలో మొదటి పక్షం వాహన యజమాని, రెండవది కంపెనీ. దారిన పోయేవాడు, ఎదురు బండివాడు మూడవ పక్షం. మూడవ పక్షపు బీమా వీరికోసం. చట్టం నిర్బంధించేది దీనినే. ఇది లేకుండా బండి నడిపితే 2019 సవరణ ప్రకారం మొదటిసారి 2,000 రూపాయల జరిమానా లేదా మూడు నెలలదాకా జైలు, లేదా రెండూ. యజమాని తన బండికి జరిగిన నష్టానికి, దొంగతనానికి, అగ్నిప్రమాదానికి చేసుకొనేది స్వంత నష్టపు బీమా. అది అతని ఇష్టం. ఈ రెండూ కలిసినదే సమగ్ర పాలసీ. లైసెన్సుగల యజమాని తానే నడుపుతూ మరణిస్తే అతని వారసులకు 15 లక్షలిచ్చే వ్యక్తిగత ప్రమాద బీమా వేరు. డ్రైవరుకు సరియైన లైసెన్సు లేకపోయినా కంపెనీ ముందు బాధితునికి చెల్లించి, పిదప యజమాని నుండి రాబట్టుకొనవచ్చునని సుప్రీంకోర్టు 2004లో చెప్పింది.

ఫుఖహాల చర్చ

ఆఖిలాలో ప్రీమియం లేదు, ఒప్పందం లేదు, లాభం లేదు. కనుక బీమా కంపెనీని ఆఖిలాతో సమానమనలేము. ఓడ సరుకుల బీమాను ‘సూకరా’ పేరుతో చర్చించిన డమాస్కసు ఫఖీహ్ ఇబ్నె ఆబిదీన్ (మరణం 1836), ముస్లిం వర్తకుడు ఆ పరిహారం పుచ్చుకొనరాదన్నారు. 1961లో డమాస్కసు సదస్సులో ముస్తఫా జర్ఖా బీమాను సమర్థించగా అబూ జహ్రా వ్యతిరేకించారు. జర్ఖా ఆఖిలానే ఒక ఆధారంగా చూపారు. 1985లో జిద్దాలోని ఇస్లామీ ఫిఖ్హ్ అకాడమీ, స్థిర ప్రీమియంగల వాణిజ్య బీమాలో భారీ ‘గరర్’ (అనిశ్చితి) ఉన్నదని నిషిద్ధమని తీర్మానించి, సహకార బీమాను ప్రత్యామ్నాయంగా చూపింది. అయితే ప్రభుత్వం నిర్బంధించిన మూడవ పక్షపు బీమాను అవసరం కింద అనుమతించిన ఉలమా అనేకులు. కనుక వాహనదారుడు ఏ రకపు బీమా చేసుకొంటున్నాడో తెలుసుకొనడం ధర్మరీత్యా కూడా ముఖ్యం. నిర్బంధానికి చెప్పిన మాట ఐచ్ఛికమైన స్వంత నష్టపు బీమాకు యథాతథంగా వర్తించదు.

మిగిలిన లోటు

చెరకు నరికే కూలీలు ట్రాలీ మీద ప్రయాణించడం ఈ సీమలో పరిపాటి. 1994 సవరణ తరువాత సరుకు బండిలో సరుకు యజమానికి, అతని ప్రతినిధికి రక్షణ ఉంది. బండి యజమాని నియమించిన కూలీలకు కార్మిక పరిహారం మేరకు ఉంది. ఊరికే ఎక్కించుకొన్నవారికి మాత్రం తప్పనిసరి పాలసీ వర్తించదని సుప్రీంకోర్టు 2002లో తీర్పు చెప్పింది. వారికి ప్రాణహాని జరిగితే పరిహారం యజమాని స్వంత ఆస్తి నుండే రావలసి ఉంటుంది. అతనికి ఆస్తి లేకపోతే కూలీ కుటుంబానికి దక్కేది తీర్పు కాగితమే. రక్తపరిహారం బీద హంతకునితోనే ఆగిపోకూడదనే ఆఖిలా ఏర్పడింది. ట్రాలీ మీద మనుషులను ఎక్కించుకొనే ట్రాక్టరు యజమాని ఈ తేడాను బండి కదలకముందే తెలుసుకొనవలసి ఉంది.