న్యూడీల్‌లో ఆమె వాటా

1933లో రూజ్‌వెల్ట్ ప్రభుత్వం మాంద్యంలో కూరుకుపోయిన అమెరికాను గట్టెక్కించడానికి ఖజానా తెరిచింది. అడవులు పెంచే సి.సి.సి. శిబిరాల్లో 1942 దాకా సుమారు 30 లక్షలమంది యువకులకు పని దొరికింది. నెలకు 30 డాలర్ల కూలి. అందులో ఆడపిల్లలకు చోటులేదు. ఎలినార్ రూజ్‌వెల్ట్ పట్టుబట్టాక వాళ్లకూ శిబిరాలు పెట్టారు. 1937లో మూసేసేనాటికి చేరగలిగింది సుమారు 8,500 మంది. వాటికి 'షీ షీ షీ' అని వెక్కిరింపు కూడా!

1935 సామాజిక భద్రతా చట్టం ఇళ్లల్లో పనిచేసేవాళ్లనీ, వ్యవసాయ కూలీలనీ పక్కనపెట్టింది. ఆనాడు కూలికెళ్లే నల్లజాతి స్త్రీలలో అత్యధికులు చేసే పనులు ఆ రెండే.

సంపాదించేవాడు మగాడేనన్న నమ్మకం బడ్జెట్ అంకెల్లోకి అలా చొరబడింది. అందుకే ఉద్దీపన ప్యాకేజీ అన్న మాట వినపడగానే నాకు కలిగే మొదటి ప్రశ్న: కూలి ఎవరి చేతికి?