సముద్రగర్భ తంతి – 1857 తిరుగుబాటు

సికింద్రాబాద్ బ్రిటిష్ సైనిక దండుగా ఎదిగిన ఊరని మీకు తెలుసు. 1857 జూలై 17న తుర్రేబాజ్ ఖాన్, మౌల్వీ అల్లావుద్దీన్ హైదరాబాద్ రెసిడెన్సీపై దాడి చేశారు. ఆ వార్త లండన్‌కు చేరడానికి వారాలు పట్టేది. మరుసటి ఏడు వేసిన అట్లాంటిక్ కేబుల్ కొన్ని వారాలకే మూగబోయింది. కానీ ఆలోగానే, భారత తిరుగుబాటు కారణంగా కెనడా నుండి రప్పించదలచిన రెండు పటాలాల ప్రయాణాన్ని రద్దుచేసే ఆజ్ఞను మోసింది. సుమారు 50,000 పౌండ్లు మిగిలాయి! పాలకులకు కేబుల్ విలువ ఇక్కడే తెలిసిందని నా అభిప్రాయం.

రాగితీగ, దానిపై గట్టాపెర్చా అనే మలయా చెట్టుపాల పూత, ఆపైన ఇనుపతీగల కవచం – కేబుల్ నిర్మాణం ఇంతే. 1870లో గ్రేట్ ఈస్టర్న్ ఓడ దీనిని బొంబాయి నుండి ఏడెన్ వైపు పరచింది. అప్పటినుండి లండన్ ఆదేశాలు వైస్రాయికి గంటల్లో అందసాగాయి. ఆయన సొంత నిర్ణయాలకు అవకాశం తగ్గింది.