శేషాచలం ఎర్రచందనం: దేశాంతర వ్యవస్థీకృత నేర పరిశోధనకు ఒక చారిత్రక భూమిక

వ్యాససంగ్రహం:
శేషాచలం అడవుల ఎర్రచందనం స్థానిక వృత్తికళల పరిధి దాటి దేశాంతర అక్రమ వాణిజ్యంలో సరుకుగా మారిన తీరును ఈ వ్యాసం పరిశీలిస్తుంది. ఈ నేరంపై సిద్ధాంతవ్యాసం రాయదలచినవారికి దస్త్రాల వల్ల ఎదురయ్యే పరిమితిని చర్చిస్తుంది.

కీలకపదాలు: ఎర్రచందనం, శేషాచలం, చిత్తూరు, తిరుపతి, దేశాంతర నేరం.

1. ప్రవేశిక:
దేశాంతర నేరం అనగానే మాదకద్రవ్యాలు, ఆయుధాలు గుర్తుకువస్తాయి. తిరుపతి, చిత్తూరు ప్రాంతాల పరిశోధక విద్యార్థికి ఆ విషయం ఎదురుగా ఉన్న కొండల్లోనే ఉంది. 2000లో ఐక్యరాజ్యసమితి ఆమోదించి, ఇటలీలోని పలెర్మోలో సంతకాలకు ఉంచిన ఒప్పందం ఇందుకు నిర్వచనాన్ని ఇచ్చింది. ఆర్థిక లాభం కోసం ముగ్గురు లేదా అంతకుమించినవారు కొంతకాలం కలిసి పనిచేస్తూ తీవ్ర నేరాలకు పాల్పడితే అది వ్యవస్థీకృత ముఠా. నేరం ఒక దేశంలో జరిగినా, దాని నిర్వహణలో ప్రధానభాగం మరో దేశం నుంచి సాగితే అది దేశాంతర నేరమే. భారతదేశం ఈ ఒప్పందాన్ని 2011లో ధ్రువీకరించింది.

2. వృత్తి నుంచి విపణికి:
శేషాచలం, పాలకొండలు, లంకమల, వెలికొండ శ్రేణులు ఎర్రచందనానికి ప్రధానమైన సహజ ఆవాసాలు. దీని చేవనుంచి ఎర్రని రంగు తీస్తారు. తిరుపతి మరపాచి బొమ్మల జంటలు, ఏర్పేడు సమీపంలోని మాధవమాల శిల్పుల పనితనం ఈ కొయ్యతో ఇక్కడివారికున్న పాత అనుబంధానికి నిదర్శనాలు.

ఇదే కొయ్యకు చైనాలో మింగ్, చింగ్ రాజవంశాల కాలంనాటి గృహోపకరణాల సంప్రదాయం వల్ల ప్రతిష్ఠ ఉంది. జపానులో షమిసేన్ అనే తంత్రీవాద్యం మెడభాగానికి దీన్ని వాడతారు. చెట్టు పెరిగే చోటు ఇంత చిన్నది, కోరేవారి లోకం అంత పెద్దది. అక్రమ వాణిజ్యానికి మూలం ఈ వ్యత్యాసంలోనే ఉంది. అంతరించే ప్రమాదమున్న జీవజాతుల వాణిజ్యాన్ని నియంత్రించే సైటిస్ ఒప్పందం 1995లో ఎర్రచందనాన్ని తన రెండవ అనుబంధంలో చేర్చింది.

3. గొలుసు:
చెట్టు నరికే కూలీ, దుంగ మోసేవాడు, మేస్త్రీ, వాహనాన్ని దాటించే పైలట్, గోదాము యజమాని, ఓడరేవులో మరో సరుకు పేరుతో కంటైనర్ పంపే ఎగుమతిదారు, విదేశీ కొనుగోలుదారు – ఇదీ వరుస. పైకి పోయేకొద్దీ లాభం పెరుగుతుంది, పట్టుబడే అవకాశం తగ్గుతుంది. కూలీల్లో చాలామంది తమిళనాడులోని తిరువణ్ణామలై జిల్లా జవ్వాది కొండల వంటి పేద ప్రాంతాలనుంచి వచ్చినవారు.

2013 డిసెంబరులో శేషాచలం అడవిలో ఇద్దరు అటవీ ఉద్యోగులు స్మగ్లింగ్ కూలీల దాడిలో మరణించారు. 2015 ఏప్రిల్ 7న చంద్రగిరి మండలం అడవుల్లో పోలీసు కాల్పులకు 20 మంది బలయ్యారు. ఆత్మరక్షణకే కాల్చామని పోలీసులు చెప్పగా, హక్కుల సంఘాలు దాన్ని బూటకపు ఎన్‌కౌంటరుగా ఆరోపించాయి. అదే సంవత్సరం ఎర్రచందనం కేసుల్లో ప్రధాన నిందితుడొకరిని మారిషస్ నుంచి భారతదేశానికి రప్పించారు. కూలీలు అడవిలోనే ప్రాణాలు కోల్పోగా, నిందితుడు సముద్రం దాటి వెళ్ళగలిగాడు. గొలుసు రెండు కొసల మధ్య దూరాన్ని ఆ ఒక్క సంవత్సరమే చూపుతుంది.

4. ఆధారాల సమస్య:
ప్రథమ సమాచార నివేదికలు, అభియోగపత్రాలు, అటవీశాఖ దస్త్రాలు, కోర్టు తీర్పులు, పత్రికలు ఈ అంశానికి ముఖ్య ఆధారాలు. వీటిని వాడేటప్పుడు మూడు జాగ్రత్తలు అవసరం. మొదటిది, అరెస్టుల సంఖ్య నేరం పరిమాణాన్ని కాక నిఘా పరిమాణాన్ని తెలుపుతుంది. రెండవది, తమిళం మాట్లాడే కూలీ వాంగ్మూలం తెలుగు దస్త్రంలోకి చేరేటప్పుడు ఏం మిగిలిందో, ఏం జారిపోయిందో గమనించాలి. నిందితుణ్ణి దోషిగా రాయకూడదు. మూడవది, 2022 ఏప్రిల్ 4న తిరుపతి జిల్లా ఏర్పడింది. చంద్రగిరి అందులో చేరింది. అందువల్ల పూర్వపు చిత్తూరు జిల్లా లెక్కలను నేటి చిత్తూరు లెక్కలతో నేరుగా పోల్చరాదు.

5. ముగింపు:
స్థానిక దస్త్రాల్లో కూలీ పేరు, ఊరు, తండ్రిపేరు ఉంటాయి. కొనుగోలుదారు పేరు అరుదు. ఆ దస్త్రాలను మాత్రమే నమ్మి రాసిన చరిత్రలో ఈ నేరం పేదలదిగానే మిగిలిపోతుంది. శేషాచలం దస్త్రాలను ఓడరేవు, కస్టమ్స్, విదేశీ విపణి ఆధారాలతో కలిపి చదివినప్పుడే దాని దేశాంతర స్వరూపం బయటపడుతుంది. ఈ ప్రాంత పరిశోధకులు చేయవలసిన పని అదే.