డప్పుకు నెంబరు లేని పట్టిక

ఈసారి చాటింపు డప్పు గురించి రాస్తానని పోయిన భాగంలో మాటిచ్చాను. దాన్ని వచ్చే వారానికి జరుపుతున్నాను. కారణం మా కాలేజీ కుర్రాడొకడు.

మొన్న సాయంత్రం లాప్‌టాప్ పట్టుకుని ద్రాక్షారామంలో మా ఇంటికొచ్చాడు. వాడు పాటలకు బీట్లు కడతాడు. మా పెదనాన్న వాయించిన జాతర దరువును ఫోన్లో రికార్డు చేసి డ్రమ్ సాఫ్ట్‌వేర్లో పెట్టాడట. "మాస్టారూ, తాతగారు టెంపో తప్పుతున్నారండి. మొదట 110 ఉంది, చివరికి 150 దాటిపోతోంది. గడుల్లో కూర్చోబెడితే దరువు చచ్చిపోతోందండి" అన్నాడు. అరుగు మీద కూర్చున్న పెదనాన్న విన్నాడు. "తప్పటమేంట్రా? గరగ నెత్తికెత్తుకున్నాక నీ పెట్టెలాగా ఒకటే నడక నడిస్తే మోసేవోడి కాలు లేస్తాదా?" అన్నాడు.

ఇద్దరూ నా వైపు చూశారు. తెలుగు సాహిత్యంలో డాక్టరేటు చేసినవాణ్ణి, డ్రమ్ మెషీన్ల సంగతి నాకేం తెలుసు? రెండు రాత్రులు కూర్చుని చదివాను.

ఆ గడులకు చరిత్ర ఉంది. 1980లో అమెరికాలో రోజర్ లిన్ ఎల్‌ఎం-1 అనే యంత్రం తెచ్చాడు. నిజం డ్రమ్ముల శబ్దాలను చిప్పుల్లో దాచి వాయించే పెట్టె అది. అదే ఏడాది జపాన్ కంపెనీ రోలాండ్ టీఆర్-808 తెచ్చింది. దాని మీద వరసగా 16 బొత్తాలు, ఒక్కో బొత్తం ఒక్కో మెట్టు. టెంపో 120 పెడితే ఒక బీటు 500 మిల్లీసెకన్లు, ఒక మెట్టు 125. చేత్తో వాయించిన దెబ్బ అటో ఇటో పడితే దగ్గరి గడిలోకి లాగేసే పద్ధతి పేరు క్వాంటైజ్. మా కుర్రాడు పెదనాన్నకు చేసింది అదే.

1983లో మిడి వచ్చింది. వేర్వేరు కంపెనీల యంత్రాలు ఒకదానితో ఒకటి మాట్లాడుకునే భాష అది. ఒక బీటుకు 24 టిక్కులు కొట్టి అన్నిటినీ ఒక్క నడకలో పెడుతుంది. మిడి ఫైల్లో టెంపోను బీటుకు ఎన్ని మైక్రోసెకన్లో రాస్తారు, 120 అంటే 5,00,000. మళ్లీ కొత్త అంకె వచ్చేదాకా అదే నడుస్తుంది. అంటే అక్కడ ఏటవాలు లేదు, అన్నీ మెట్లే. 110 నుంచి 150కి ఎక్కాలంటే బోలెడు చిన్న మెట్లు వరసగా పేర్చాలి. మా పెదనాన్న చెయ్యి అలా మెట్లెక్కదు.

నన్ను ఎక్కువసేపు కూర్చోబెట్టింది మాత్రం 1991 నాటి పట్టిక. దాని పేరు జనరల్ మిడి. ఏ శబ్దానికి ఏ నెంబరో అందులో ఖాయం చేశారు. తాళవాద్యాలకు పదో చానల్, 35 నుంచి 81 దాకా 47 నెంబర్లు. కాంగా ఉంది, బాంగో ఉంది, బ్రెజిల్ కుయికా ఉంది, ఈల కూడా ఉంది. రాగవాద్యాల పట్టికలో మన సితార్‌కు 105, షెహనాయ్‌కి 112 దక్కాయి. జపాన్ టైకోకు 117. డప్పు లేదు. తబలా, మృదంగం కూడా లేవు కాబట్టి ఆ పట్టికకు కులం అంటగట్టను. కులం ఆ తర్వాత కనిపిస్తుంది. తబలాకు బెంగళూరు రాడెల్ వాళ్లు తాళాలన్నీ నింపి ఎలక్ట్రానిక్ పెట్టె చేశారు, కచేరీ సాధకులు కొనుక్కున్నారు. డప్పుకొచ్చేసరికి లూపుల ప్యాకెట్లు. నేనొకటి డబ్బిచ్చి కొన్నాను. వాయించినవాడి పేరు ఎక్కడా లేదు.

మా ఊరి భీమేశ్వరాలయం శాసనాల్లో అఖండ దీపాల కోసం ఇచ్చిన గొర్రెలకూ ఆవులకూ లెక్కలున్నాయి. ఆ పశువులు చచ్చాక తోలు ఒలిచి డప్పు బిగించినవాడి పేరు కోసం నేనింకా వెతుకుతున్నాను.

నాకు తెలిసిన దారిలోంచి ఒక మాట. మన రగడల్లో హయప్రచారానికి మూడు మాత్రల నడక, మధురగతికి నాలుగు, ద్విరదగతికి అయిదు, వృషభగతికి మూడూ నాలుగూ కలిసిన ఏడు. 16 గడుల్లో నాలుగు హాయిగా కూర్చుంటుంది, ఏడు కూర్చోదు. గడులు 14 చేసుకోవాలి. ఇప్పటి సాఫ్ట్‌వేర్లలో ఆ సౌకర్యం ఉంది, కానీ తెరవగానే ఎదురయ్యేది మాత్రం 16. ఇంకో సంగతి, లఘువుకు ఒక మాత్ర, గురువుకు రెండు అన్నారే గానీ ఆ మాత్ర ఎన్ని మిల్లీసెకన్లో ఛందస్సు బిగించలేదు. కొలత అంతా ఒకదానితో ఒకటి పోల్చుకునేదే.

గడికి లొంగనివాళ్లు మనమొక్కళ్లమే కాదు. రోజర్ లిన్ స్వింగ్ అనే మీట కూడా పెట్టాడు. రెండేసి మెట్లలో రెండోదాన్ని కొంచెం ఆలస్యం చేస్తుంది. 50 దగ్గర తిన్నగా ఉంటుంది, 66 దగ్గర మూడు మాత్రల ఊపు వస్తుంది. ఆయన రూపొందించిన ఎంపీసీ యంత్రం మీద డెట్రాయిట్ నల్లజాతి కుర్రాడు జె డిల్లా క్వాంటైజ్ ఆపేసి చేత్తో కొట్టాడు. 2006లో, 32 ఏళ్లకే పోయాడు. ఆయన ఎంపీసీ ఇప్పుడు వాషింగ్టన్‌లో నల్లజాతి చరిత్ర మ్యూజియంలో ఉంది.

మరి మన డప్పో? మా నాన్న డప్పు వదిలేశాడు. చావుకు పిలిస్తే వెళ్లి కొట్టడం వెట్టి అన్నాడు. 1927లో మహద్‌లో అంబేడ్కర్ చచ్చిన గొడ్డు మాంసం మానమన్న మాట ఆయన నోట ఎప్పుడూ ఉండేది. పెదనాన్న వదల్లేదు. 1994 జులై 7న ఈదుముడిలో పుట్టిన ఉద్యమం తన పేరే దండోరా అని పెట్టుకుంది. అన్నదమ్ములిద్దరూ ఇరవై ఏళ్లు దీని మీద వాదించుకున్నారు. ఇద్దరిలో ఎవరిది తప్పో చెప్పమంటే నేను చెప్పలేను. ఇప్పుడు డప్పు కళాకారులకు రాష్ట్ర ప్రభుత్వం నెలకు 4,000 పింఛను ఇస్తోంది. అంటే సర్కారు పట్టికలోకైతే డప్పు ఎక్కింది.

కుర్రాడు వాడేది హైడ్రోజన్ అనే సాఫ్ట్‌వేర్. ఉచితం, దాని కోడు ఎవరైనా తెరిచి మార్చుకోవచ్చు. అందులో హ్యూమనైజ్ అనే మీట ఉంది. దెబ్బల్ని గుడ్డిగా కాస్త ముందుకీ వెనక్కీ జరుపుతుంది. మనిషంటే గుడ్డిగా తడబడేవాడని దాని లెక్క! పెదనాన్న చెయ్యి ముందుకెళ్తే దానికి కారణం గరగ మోసేవాడి అడుగు.

అందుకే ముగ్గురం కూర్చుని ఏమేం కావాలో రాసుకున్నాం. డప్పంటే ఒక్క శబ్దం చాలదు. కుడిచేతి చిర్రకు వేరు, ఎడమచేతి చిటికెన పుల్లకు వేరు, నడిమధ్య దెబ్బకూ అంచు దెబ్బకూ వేరు శబ్దాలుండాలి. టెంపోను అంకెగా టైపు చేయడం కాదు, వేలితో గీతలా గీయగలగాలి. అంతకంటే ముఖ్యంగా యంత్రమే మనిషి నడకను వినాలి. నలుగురు కలిసి కొట్టినప్పుడు దెబ్బలు వెంట్రుకవాసి తేడాతో పడతాయి, ఆ తేడా చెరిపేయకూడదు. పెదనాన్న చెప్పింది మాత్రం మా ఇద్దరికీ తట్టలేదు: "సెగ పెట్టారా అందులో?" మన డెల్టా చెమ్మకు తోలు సడలి గొంతు దిగిపోతుంది. మంట దగ్గర కాపితే మళ్లీ బిగుసుకుంటుంది. అందుకని సమయం గడిచేకొద్దీ శబ్దం దిగుతూ, కాపినప్పుడు లేచే మీట ఒకటి కావాలి. కుర్రాడు దాని పేరు 'సెగ' అనే రాసుకున్నాడు.

కోడు రాయడం వాడికింకా రాదు. మీలో కంప్యూటర్ సైన్సు చదివేవాళ్లుంటే కామెంట్లో చెప్పండి, వాడితో కలుపుతాను. ఆదివారం మంచి మైకు తెస్తానన్నాడు. వాయించినవాడి పేరు ఫైలు పేరులోనే ఉండాలని నేను షరతు పెట్టాను. వాన పడకపోతే చాలని పెదనాన్న ఎండుగడ్డి తీసి చూరు కింద పెట్టుకున్నాడు.