ప్లాను కాగితంలో పక్కింటివాళ్లు

గుంటూరులో ఎవరైనా ఇల్లు కట్టాలనుకుంటే కార్పొరేషన్‌కి పెట్టే ప్లానులో ఏముంటుందో ఒకసారి చూడండి. స్థలం కొలతలు, నాలుగు వైపులా వదలాల్సిన సెట్‌బ్యాకులు, మెట్లు, గదులు, సెప్టిక్ ట్యాంకు, ఇంకుడు గుంత, కింద లైసెన్సుడు ఇంజనీరు సంతకం. వీటి మధ్య ఒక మూల హద్దులు రాసి ఉంటాయి: తూర్పు ఫలానా వారి ఇల్లు, దక్షిణం ఫలానా వారి ఖాళీ స్థలం, పడమర కార్పొరేషన్ రోడ్డు. ఆ కట్టడంతో పొద్దున లేచింది మొదలు కలిసి బతకాల్సిన మనుషుల ప్రస్తావన ఆ కాగితంలో అంతే. వాళ్లు హద్దులు, అభిప్రాయం ఉన్న మనుషులు కారు. దీన్ని ఇవాళ్టి అధికారుల నిర్లక్ష్యమని కొట్టిపారేయలేం, దీని వెనక నూట యాభై ఏళ్లకు పైబడిన చరిత్ర ఉంది. కట్టడం అనుమతి యజమానికీ ఆఫీసుకీ మధ్య వ్యవహారమని మన చట్టాలు మొదట్నుంచీ అనుకున్నాయి. అయినా ఎన్నికైన సభ ముందుకు అది రావడానికి ఒకటి రెండు తలుపులు తెరిచి ఉంచాయి. ఆ తలుపుల్ని ఒక్కొక్కటే మూసుకుంటూ వచ్చింది మన కాలంలోనే. వాటిని మళ్లీ తెరవాలన్నది నా వాదన.

గుంటూరు మునిసిపాలిటీ 1866లో ఏర్పడింది. 1865 నాటి మద్రాసు పట్టణాభివృద్ధి చట్టం దానికి ఆధారం. దీపాలు, కాలవలు, కలరా అప్పటి గొడవలు, పైగా సభలో కూర్చున్నవాళ్లు ఊరు ఎన్నుకున్నవాళ్లు కారు. 1884 జిల్లా మునిసిపాలిటీల చట్టంతో ఎన్నికల పద్ధతి నెమ్మదిగా బలపడింది. అరండల్‌పేట, బ్రాడీపేటల్లో లైన్లూ అడ్డరోడ్లూ గీత గీసినట్టు తిన్నగా పడ్డాయి. ఇప్పటికీ బ్రాడీపేట నాలుగో లైను, పద్నాలుగో అడ్డరోడ్డు అంటే చాలు, ఆటోవాడు ఇంకేమీ అడగడు. పాత గుంటూరు, లాలాపేట సందులకు ఆ భాగ్యం లేదు. ఆ తర్వాత 1920లో మద్రాసు రాజధానిలో రెండు చట్టాలు వచ్చాయి, ఒకటి జిల్లా మునిసిపాలిటీల కొత్త చట్టం, రెండోది పట్టణ ప్రణాళిక చట్టం. మొదటిదాని ప్రకారం ఇల్లు కట్టేవాడి అర్జీ వెళ్లేది కార్యనిర్వహణాధికారి దగ్గరికి. మొదట్లో ఆ పని ఛైర్మన్‌ది, తర్వాత్తర్వాత కమిషనర్‌ది అయింది. గడువులోగా ఆయన ఔననీ కాదనీ చెప్పకపోతే అర్జీదారు రాతపూర్వకంగా కౌన్సిల్‌ని అడగవచ్చు, అడిగితే కౌన్సిల్ తేల్చి తీరాలి. కౌన్సిల్ కూడా నెలలోగా తేల్చకపోతే అనుమతి ఇచ్చినట్టే లెక్క, అయితే నియమాలు మీరకుండా కట్టుకోవాలి. ఎంత తెలివైన ఏర్పాటో చూడండి. అధికారి ఫైలు నానబెడితే దాన్ని ఎన్నికైనవాళ్ల ముందు పెట్టే హక్కు మామూలు మనిషికి ఉంది. కాకపోతే ఆ హక్కు కట్టేవాడిదే, పక్కింటివాడిది కాదు.

పక్కింటివాడి సంగతి చట్టం పట్టించుకున్నది మిల్లుల దగ్గర. ఆవిరితోగానీ, నూనె ఇంజనుతోగానీ, కరెంటుతోగానీ నడిచే యంత్రం పెట్టాలంటే ఆ అర్జీ కౌన్సిల్ ముందుకే రావాలి. చుట్టుపక్కల జనం కిక్కిరిసి ఉన్నారనో, వాళ్లకి ఇబ్బంది కలుగుతుందనో అనిపిస్తే కౌన్సిల్ కాదనవచ్చు. మన పట్టణాలకు ఇది చిన్న సంగతి కాదు. పత్తి జిన్నింగు మిల్లు పెడితే దూది నుసి వీధంతా ఎగురుతుంది. పొగాకు గ్రేడింగ్ షెడ్డుంటే ఆ వాసన గోడ దాటి వస్తుంది. కారం మిల్లు గురించి చెప్పనే అక్కర్లేదు, సీజన్లో ఆ సందులో నడిచినవాళ్లకి తుమ్ములే సాక్ష్యం. గుంటూరు, చిలకలూరిపేట, నరసరావుపేట, చీరాల, ఒంగోలు పెరిగిందే ఈ మూడు పంటల మీద. మిల్లు యజమానికి వచ్చే లాభమూ వీధికి వచ్చే దగ్గూ ఒకే కట్టడంలోంచి పుడతాయి కాబట్టి, ఆ నిర్ణయం ఒక గుమస్తా బల్ల మీద కాక సభలో జరగాలని 1920 నాటి శాసనకర్తలు అనుకున్నారు. వాళ్లేమీ గొప్ప ప్రజాస్వామ్యవాదులని నేననను. ఆ రోజుల్లో ఓటు పన్ను కట్టేవాళ్లదే, మిల్లు యజమానులే కౌన్సిలర్లుగా ఉండటమూ వింత కాదు. అయినా ఒక కట్టడం వల్ల ఇతరుల బతుక్కి తగిలే దెబ్బ అందరూ చూస్తుండగా చర్చించాల్సిన విషయమన్న సూత్రాన్ని వాళ్లు రాసి పెట్టారు.

మన ప్రాంతంలో మునిసిపల్ వ్యవహారాలంటే జనానికి పట్టదనీ, తమ పని తాము చూసుకుంటారనీ అనేవాళ్లున్నారు. వాళ్లకి చీరాల-పేరాల కథ గుర్తు చేయాలి. ఇప్పుడు బాపట్ల జిల్లాలో ఉన్న ఆ జంట గ్రామాలను ప్రభుత్వం 1919లో కలిపి, వాళ్లు వద్దంటున్నా మునిసిపాలిటీ చేసింది. నాలుగు వేల రూపాయలున్న పన్ను నలభై వేలకు పోయింది. అర్జీలు పెట్టారు, పనికాలేదు. 1921లో దుగ్గిరాల గోపాలకృష్ణయ్య వెంట దాదాపు పదిహేను వేల జనాభాలో అత్యధికులు ఇళ్లు వదిలి, మునిసిపల్ హద్దు దాటి, రామనగరం పేరుతో పాకలు వేసుకుని పదకొండు నెలలు గడిపారు. ఎండకీ వానకీ ఓర్చుకున్నారు. దాన్ని స్వాతంత్ర్యోద్యమ ఘట్టంగా చదువుకోవడం మనకి అలవాటు, అది నిజమే. కానీ దాని లోపల ఉన్న తగువు పక్కా స్థానికం. మా ఊరి మీద ఏ నిర్ణయమైనా మమ్మల్ని అడగకుండా ఎలా చేస్తారని వాళ్లు అడిగారు. అడగకుండా చేసే నిర్ణయాన్ని ఇక్కడి జనం ఊరికే మింగరనడానికి అంతకన్నా రుజువు అక్కర్లేదు.

స్వాతంత్ర్యం తర్వాత ఆ తలుపు పెద్దది కావాల్సింది పోయి సన్నబడుతూ వచ్చింది. 1965 మునిసిపాలిటీల చట్టం చాలావరకు పాత దారినే నడిచింది. 1978లో విజయవాడ-గుంటూరు-తెనాలి-మంగళగిరి పట్టణాభివృద్ధి సంస్థ, అంటే మనం ఉడా అని పిలిచినది ఏర్పడి, ప్రణాళిక పనిలో పెద్ద భాగం ఎన్నికైన సభల చేతుల్లోంచి పోయింది. 2014 చివర దాని స్థానంలో రాజధాని ప్రాంత అభివృద్ధి సంస్థ, అంటే సీఆర్‌డీఏ వచ్చింది. ఇక 1994లో గుంటూరు నగరపాలక సంస్థ అయింది. మేయర్ వచ్చారు, ఊరికి హోదా వచ్చింది, అందరం సంతోషించాం. ఆ హోదాతోపాటు 1955 నాటి హైదరాబాదు కార్పొరేషన్ చట్టం కూడా వచ్చిందన్నది చాలామంది గమనించలేదు. ఆ చట్టంలో కట్టడం నోటీసు వెళ్లేది కమిషనర్‌కి, కొత్త ఫ్యాక్టరీకి అనుమతి కావాల్సిందీ కమిషనర్ దగ్గర్నుంచే. మునిసిపాలిటీగా ఉన్నప్పుడు మిల్లు అర్జీని చర్చించే హక్కున్న సభ, కార్పొరేషన్ అయ్యేసరికి ప్రేక్షకుల వరసలోకి జరిగింది. అందులో ఇంకో విడ్డూరం ఉంది. ఇంచుమించు అప్పుడే, 1993 జూన్‌లో, 74వ రాజ్యాంగ సవరణ అమల్లోకి వచ్చింది. పన్నెండో షెడ్యూలులో మొదటి పద్దు పట్టణ ప్రణాళిక, రెండోది భూవినియోగం, కట్టడాల నియంత్రణ. ఇవి మునిసిపాలిటీలకు అప్పగించదగ్గ పనులని రాజ్యాంగం చెబుతున్న రోజుల్లోనే ఇక్కడ సభ పాత్ర తగ్గింది.

అన్నిటికన్నా గట్టి సాక్ష్యం నల్లపాడు, గోరంట్ల, ఏటుకూరు, బుడంపాడు, పెదపలకలూరు వంటి ఊళ్లలో దొరుకుతుంది. ఈ చుట్టుపక్కల పంచాయతీల్లో మిరప కోల్డ్ స్టోరేజీలు, మిల్లులు, గోదాములు లేచాయి. అక్కడ భూమి చవక, రోడ్డు దగ్గర, మిర్చి యార్డు దగ్గర. ఫిబ్రవరి నుంచి మే దాకా టిక్కీలు, అంటే మిరప బస్తాలు దిగుతుంటే లారీలు రోడ్డుకి ఇరువైపులా బారులు తీరతాయి, షెడ్ల ముందు తొడిమలు తీసే ఆడవాళ్లు ముక్కుకి గుడ్డ కట్టుకుని కూర్చుంటారు. పంచాయతీలుగా ఉన్న రోజుల్లో సాంకేతిక ఆమోదం పైనుంచి వచ్చినా పంచాయతీ తీర్మానం ఒకటి ఉండేది. ఎంత తూతూమంత్రమైనా సరే, ఊళ్లో వార్డు మెంబరు ఎవరో అందరికీ తెలుసు, అడగాలనుకున్నవాళ్లు రచ్చబండ దగ్గరే నిలదీసేవాళ్లు. 2012లో ఈ పంచాయతీలను నగరంలో కలిపారు. అప్పుడు గుంటూరుకి పాలకవర్గమే లేదు. 2005లో ఎన్నికైన సభ గడువు 2010లో తీరిపోయింది, మళ్లీ ఎన్నికలు జరిగింది 2021 మార్చిలో. అంటే విలీనమైన ఊళ్లు దాదాపు తొమ్మిదేళ్లు సర్పంచీ లేక, కార్పొరేటరూ లేక గడిపాయి. ప్రతిపాదన రాసేదీ ఆఫీసే, సభ తరఫున ప్రత్యేకాధికారి పేరుతో దానికి ఊకొట్టేదీ ఆఫీసే. పొలాలు ప్లాట్లయిందీ, కోల్డ్ స్టోరేజీల గోడల దాకా అపార్ట్‌మెంట్లు పాకిందీ ఆ ఏళ్లలోనే. మిరప గోదాము ముందా, ఇల్లు ముందా అని ఇవాళ తగువులాడుకుంటున్నవాళ్లలో ఇద్దరి మాటా సమయానికి విన్నవాళ్లు లేరు. ఒంగోలుదీ ఇదే తంతు. 2012లో కార్పొరేషన్ చేశారు, తొలి ఎన్నిక 2021లో పెట్టారు.

జనం మాట వినే ఏర్పాటు అసలే లేదనడం అన్యాయం. మాస్టర్ ప్లానులో భూవినియోగం మార్చాలంటే, అంటే పారిశ్రామిక జోన్‌ని నివాస జోన్ చేయాలన్నా, నివాసాన్ని వాణిజ్యం చేయాలన్నా, ముసాయిదా ప్రకటించి పదిహేను రోజుల్లో అభ్యంతరాలు చెప్పమంటారు. కౌన్సిల్ తీర్మానం కూడా జతచేస్తారు. మంచిదే. కానీ ఆ ప్రకటన గెజిట్లో సర్వే నంబర్లతో వస్తుంది, పత్రికలో వస్తే ఏ మూలో చిన్న అక్షరాల్లో వస్తుంది. ఆ సర్వే నంబరు తన వెనక వీధిదేనని పోల్చుకోగలిగినవాళ్లు ఊళ్లో రియల్ ఎస్టేట్ వ్యాపారులు తప్ప ఎంతమంది?

వినకపోవడం వల్ల పోయిందేమిటని అడగవచ్చు. ప్రభుత్వమే జవాబు రాసి పెట్టింది. అనుమతి మీరి కట్టినవాటిని జరిమానా కట్టించుకుని క్రమబద్ధీకరించే పథకం 2007 చివర వచ్చింది, 2015లో మళ్లీ వచ్చింది, 2019లో మళ్లీ తెరిచారు. తప్పు ఎప్పుడో ఒకసారి జరిగేదైతే దానికి ఇన్నిసార్లు పథకం అక్కర్లేదు. కట్టబోయే విస్తీర్ణంలో పది శాతం కార్పొరేషన్‌కి తనఖా పెట్టాలన్న నిబంధన కూడా ఉంది, ప్లాను మీరితే విడిపించకూడదని దాని ఉద్దేశం. దాన్నీ దాటుకుని అంతస్తులు లేచాయి. కొత్తపేట ఆసుపత్రుల వీధుల్లో నడిస్తే సెల్లార్లో పార్కింగ్ చూపించి మందుల షాపు నడిపే భవనాలు కనిపిస్తాయి, రోగుల బళ్లు రోడ్డు మీద ఉంటాయి. సెల్లార్లో తలుపులు, షట్టర్లు బిగించిన రోజే చూసేది పక్కవాళ్లు. వాళ్లకి ప్లాను చూపించి ఉంటే అప్పుడే అడిగేవాళ్లు. జాగా కొలిచే అధికారి ఏడాదికి ఒకసారి వస్తారు, పక్కింటివాళ్లు ఎప్పుడూ అక్కడే ఉంటారు.

ఇక అభ్యంతరాలు. ఆన్‌లైన్ పద్ధతి వచ్చాక అనుమతులు త్వరగా వస్తున్నాయి, చిన్న ఇళ్లకు స్వీయ ధ్రువీకరణ ఉంది, దీన్ని మళ్లీ సభకీ చర్చకీ లాగితే పాత రోజులొస్తాయని ఇంజనీర్లూ బిల్డర్లూ అంటారు. ఆ భయంలో నిజముంది. చిన్న ఇంటికి చర్చ అక్కర్లేదు, నేనూ అడగడం లేదు. అపార్ట్‌మెంటు, ఆసుపత్రి, ఫంక్షన్ హాలు, గోదాము, మిల్లు, ఇలాంటివాటికి పదిహేను రోజుల నోటీసు చాలు. ఆఫీసులో పరిశీలన జరిగే రోజుల్లోనే నోటీసూ నడుస్తుంది కాబట్టి అదనపు ఆలస్యం స్వల్పం. ఇంగ్లండులో ఇలాంటి అర్జీలను స్థానిక కౌన్సిల్ ప్లానింగ్ కమిటీ బహిరంగంగా వింటుంది. కానీ అక్కడ కూడా పదింట తొమ్మిదికి పైగా అర్జీలను అధికారులే తేలుస్తారు, తగువున్నవీ పెద్దవీ మాత్రమే కమిటీకి వెళతాయి. ఏ అర్జీకైనా ఇరుగుపొరుగుకి మూడు వారాలు మాట్లాడే అవకాశం ఉంటుంది. అంటే వేగానికీ వినడానికీ పొత్తు కుదర్చవచ్చు.

కార్పొరేటర్ల చేతికిస్తే ప్రతి స్లాబుకీ రేటు కడతారన్నది రెండో మాట. గుసగుసగా కాదు, టీకొట్టు దగ్గర బాహాటంగానే అంటారు. దీన్ని తేలిగ్గా తీసుకోలేం. అందుకే కాదనే అధికారం వార్డు సభ్యుడికి ఇవ్వమని అనడం లేదు. నియమాల మీద నిర్ణయం అధికారిదే, విన్న అభ్యంతరాలకు ఆయన రాతపూర్వకంగా జవాబివ్వాలి, అంతే. రేటు పలికేది మూసిన తలుపు వెనక, పదిమంది చదివిన కాగితం మీద బేరం కష్టం. కక్షలున్న పక్కింటివాళ్లు అడ్డం పడతారన్నది మూడోది. పడతారు. ఇప్పుడు మాత్రం పడటం లేదా? సోమవారం గ్రీవెన్స్‌లో అర్జీలు, సమాచార హక్కు దరఖాస్తులు, హైకోర్టులో రిట్లు అన్నీ ఉన్నాయి, కాకపోతే స్లాబు పడ్డాక. పునాది తీయకముందు వినే అభ్యంతరం అందరికీ చవక, కక్షతో వేసినదైతే నియమం చూపించి ఒక్క పేరాలో తోసిపుచ్చవచ్చు. అభ్యంతరాన్ని బెదిరింపు వ్యాపారంగా చేసుకునేవాళ్లకి ఇవాళ ఉన్న పట్టు, ఎవరికీ తెలియని ప్లాను తమకొక్కరికే తెలియడం వల్లే వచ్చింది.

ఇందుకు కొత్త చట్టం కోసం ఎదురుచూడక్కర్లేదు. మూడు లక్షలకు పైబడిన జనాభా ఉన్న ఊళ్లకు వార్డు కమిటీలు ఉండాలని రాజ్యాంగమే అంటోంది. 2011 లెక్కల్లోనే గుంటూరు ఆరు లక్షలు దాటింది. 2019 నుంచి వార్డు సచివాలయాలున్నాయి, వాటిలో ప్లానింగ్ చూసే కార్యదర్శి ఒకరున్నారు, గోడకి నోటీసు బోర్డు ఉంది. పింఛన్ల జాబితా, రేషన్ కార్డుల జాబితా ఆ బోర్డు మీదే అంటిస్తున్నారు. మన వార్డులో రాబోయే పెద్ద కట్టడాల ప్లాన్లు కూడా పదిహేను రోజులు అక్కడ అంటించమని మీ కార్పొరేటర్‌ని అడగండి. కౌన్సిల్ సమావేశంలో ఒక్క తీర్మానం పెట్టించగలిగితే చాలు, అది అమలు చేయడానికి కావాల్సింది కాగితం, జిగురు.