పసుపు పట్టీ పుట్టుక

చేపల చెరువు లీజు అగ్రిమెంటు ప్రింటు తీయించుకుందామని ఆకివీడులో ఒక డి.టి.పి. సెంటర్‌కి వెళ్ళాను. కాయితం భీమవరం నుంచి మెయిల్లో వచ్చింది. అక్కడున్న పాత వర్డ్‌లో తెరవగానే పైన పసుపు పట్టీ ఒకటి పడింది. కంప్యూటర్ ముందున్న కుర్రాడు దానివైపు చూడనైనా చూడకుండా బటన్ నొక్కేశాడు. వెంటనే ఇంకో పసుపు పట్టీ. అదీ నొక్కేశాడు. ఫైల్లో చిన్న మాక్రో ఉంది. లీజు సొమ్ము అంకెల్లో కొడితే అక్షరాల్లోకి మార్చి పెడుతుంది.

"దాంట్లో ఏం రాసుంది బాబూ?" అని అడిగాను.

"ఏమోనండీ, రోజూ అడుగుతానే ఉంటాది. నొక్కాపోతే పనవదు కదండీ."

అతన్ని తప్పు పట్టబుద్ధి కాలేదు. ఆ పట్టీ వెనక ఇరవై ఏడేళ్ళ కథ ఉంది. జవాబు తెలియని మనిషిని పట్టుకుని ఏళ్ళ తరబడి అదే ప్రశ్న అడిగిన కథ అది.

ముందు మాక్రో సంగతి. టైపు కొట్టేవాళ్ళకి ఒకే పని వందసార్లు చేయాల్సి వస్తుంది. అదే మార్జిన్, అదే పెద్దక్షరం, చివర అదే సంతకాల వరస. ఆ వరసంతా ఒకసారి రాసి పెట్టుకుంటే తర్వాత ఒక్క మీటతో అయిపోతుంది. 1989లో విండోస్ కోసం వచ్చిన మొదటి వర్డ్‌లోనే మైక్రోసాఫ్ట్ ఇందుకోసం వర్డ్‌బేసిక్ అనే చిన్న ప్రోగ్రామింగ్ భాష పెట్టింది. దాంతోపాటు రెండు సౌకర్యాలు ఇచ్చింది. మాక్రోకి ఆటోఓపెన్ అని పేరు పెడితే, ఫైలు తెరిచిన క్షణాన అది దానంతటదే నడుస్తుంది. వర్డ్‌లో ఉన్న ఆజ్ఞ పేరే మాక్రోకి పెడితే, అసలు ఆజ్ఞ పక్కకి తప్పుకుని మాక్రో నడుస్తుంది. అంటే సేవ్ ఆజ్ నొక్కినప్పుడు వర్డ్ వాళ్ళ సేవ్ ఆజ్ బదులు మీరు రాసుకున్నది పనిచేస్తుంది. గుమాస్తాల పాలిట వరాలే ఈ రెండూ. తర్వాత జరిగినదంతా కూడా వీటి మీదుగానే జరిగింది.

కంప్యూటర్ వైరస్ అనేది ప్రోగ్రాముల్లో ఉంటుంది గాని ఉత్తరాల్లో ఉండదని అప్పట్లో గట్టి నమ్మకం. ఫ్లాపీలో వచ్చిన ఆట ఆడితే జబ్బు రావచ్చు, ఫ్లాపీలో వచ్చిన దరఖాస్తు చదివితే రాదు. ఆ నమ్మకం తప్పని చూపడానికి జోయెల్ మెక్‌నమారా అనే అతను 1994లోనే ఒక నమూనా రాశాడు. దాన్ని వెంటనే బయటపెట్టలేదు. ఈలోపు, 1995 వేసవిలో, ఎవరో రాసిన అసలుదే బయటపడింది. దానికి పెట్టిన పేరు కాన్సెప్ట్.

అది పనిచేసిన తీరు తెలిస్తే నేటి పట్టీలన్నీ అర్థమవుతాయి. ఆ ఫైలు తెరవగానే లోపలి ఆటోఓపెన్ నడిచి, తన మాక్రోల్ని నార్మల్ డాట్‌లోకి ఎక్కించుకునేది. కొత్త కాయితం తీసినప్పుడల్లా వర్డ్ ఎత్తుకునే మూల టెంప్లేట్ అది. పాలకుండలో తోడు వేసినట్టు. అక్కడి నుంచి మీరు ఏ ఉత్తరం సేవ్ ఆజ్ కొట్టినా దాని మాక్రోలే నడిచేవి. అప్పటి వర్డ్‌లో మాక్రోలు టెంప్లేట్లలో తప్ప మామూలు ఫైళ్ళలో ఇమడవు. అందుకని ఆ వైరస్ మీ ఉత్తరాన్ని గుట్టుగా టెంప్లేట్‌గా మార్చి, పేరు చివర మాత్రం మామూలు ఫైలు తోకే ఉంచేది. మొదటిసారి అంటుకున్నప్పుడు తెర మీద చిన్న పెట్టెలో 1 అని ఒక్క అంకె కనిపించేది. అంతకుమించి కీడు చేయలేదు. కీడు చేయాల్సిన చోట, తను చెప్పదలచింది రుజువు కావడానికి ఇంత చాలు అనే అర్థంలో ఒక్క వాక్యం రాసి వదిలేశాడు రాసినవాడు.

మైక్రోసాఫ్ట్ దాన్ని వైరస్ అనడానికి ఒప్పుకోక కొంటె మాక్రో అంది. ఆ కంపెనీ తానే పంచిన ఒక సీడీలో కూడా పొరపాటున అదే వెళ్ళిపోయిందన్నది ఆ మాటతో కలిపి చూడాల్సిన సంగతి.

ఆ రోజుల్లో మావైపు వైరస్ అంటే కంప్యూటర్ గుర్తొచ్చేది కాదు. 1994-95లో కోస్తాలో టైగర్ రొయ్యల చెరువుల్ని తెల్లమచ్చ వైరస్ ఊడ్చేసింది. అప్పుల్లో మునిగిన వాళ్ళని, గట్టు మీద నిలబడి చచ్చిన రొయ్యల్ని చూసిన వాళ్ళని అడగండి, ఆ రోగం నేర్పిన మొదటి పాఠం ఏమిటో. సీడు ఎంత ఆరోగ్యంగా కనబడుతోందన్నది కాదు, ఏ హేచరీ నుంచి వచ్చిందన్నది అడగాలి. రొయ్యపిల్లని చేతిలో పెట్టుకుని ఎంతసేపు చూసినా దానిలో వైరస్ కనబడదు. ఈ ప్రశ్న దగ్గరికి రావడానికి సాఫ్ట్‌వేర్ వాళ్ళకి చాలా కాలం పట్టింది.

1997 వర్డ్‌లో హెచ్చరిక పెట్టె వచ్చింది. ఈ కాయితంలో మాక్రోలు ఉన్నాయి, వాటిలో వైరస్ ఉండొచ్చు, నడవనివ్వనా వద్దా అని అడిగేది. చదువుకున్నవాళ్ళు సరే, మామూలు గుమాస్తా ఏం చెబుతాడు? తెలిసిన ఆఫీసు నుంచి వచ్చిన కాయితమే, లోపల ఏముందో మాత్రం తెలియదు. పైగా ఆ పెట్టెలోనే, ఇకముందు ఎప్పుడూ అడగాలా అన్న గడి ఒకటి ఉండేది. అందులో టిక్కు తీసేస్తే పెట్టె ఇక కనిపించదు. పని తొందరలో ఉన్నవాళ్ళకి ఆ టిక్కు తీయడం హాయి.

1999 మార్చి 26న మెలిస్సా వచ్చింది. న్యూజెర్సీకి చెందిన డేవిడ్ స్మిత్ రాసిన మాక్రో అది. ఫైలు తెరిస్తే అవుట్‌లుక్ చిరునామాల పుస్తకంలోని మొదటి యాభై మందికి తనంతట తానే మెయిల్ అయ్యేది. వచ్చిన మెయిల్ మీద తెలిసినవాళ్ళ పేరే ఉండడంతో జనం తెరిచేవారు. పెద్ద పెద్ద కంపెనీలు మెయిల్ సర్వర్లు ఆపుకోవాల్సి వచ్చింది. అన్నిటికన్నా గడుసు పని ఏమిటంటే, అది ముందుగా వర్డ్‌లోని హెచ్చరికనే ఆర్పేసేది. కాపలా కుక్కకి మత్తు పెట్టి ఇంట్లో దూరినట్టు. స్మిత్‌కి 2002లో ఇరవై నెలల జైలు, ఐదు వేల డాలర్ల జరిమానా పడ్డాయి.

ఆఫీస్ 2000లో హెచ్చు, మధ్య, తక్కువ అని మూడు స్థాయిలు పెట్టారు. హెచ్చులో ఉంటే డిజిటల్ సంతకం లేని మాక్రోలు చడీచప్పుడు లేకుండా ఆగిపోయేవి. మంచి మాక్రో ఎందుకు నడవడం లేదో తెలియక జనం తక్కువలోకి దించుకుని కూర్చున్నారు. అడిగితే విసుగు, అడక్కపోతే అయోమయం. 2007లో ఫైళ్ళనే రెండుగా విడగొట్టారు. తోక చివర ఎక్స్ ఉన్నదాంట్లో మాక్రో ఉండడానికి వీల్లేదు, ఎం ఉంటే ఉండవచ్చు. నా మట్టుకు ఈ కథలో అన్నిటికన్నా తెలివైన పని అదే. పేరు చూస్తేనే సంగతి తెలుస్తుంది, ఎవరినీ ఏమీ అడగక్కర్లేదు. అడ్డంగా వచ్చి పడే పెట్టె స్థానంలో పైన పట్టీ కూడా అప్పుడే వచ్చింది. 2010లో ఆ పసుపు పట్టీ మీద ఎనేబుల్ కంటెంట్ అనే బటన్, దానితోపాటు ప్రొటెక్టెడ్ వ్యూ వచ్చాయి. నెట్‌లోంచి వచ్చిన ఫైలు ముందు చదవడానికి మాత్రమే తెరుచుకుంటుంది, దిద్దాలంటే ఎనేబుల్ ఎడిటింగ్ నొక్కాలి. మా కుర్రాడు నొక్కిన రెండు పట్టీలూ ఇవే.

దొంగలు ఆ బటన్‌నే వాడుకున్నారు. లాకీ, ఎమోటెట్ వంటి దొంగ ప్రోగ్రాముల కాలంలో వచ్చిన నకిలీ బిల్లులు తెరిస్తే, కాయితం మధ్యలో అచ్చం మైక్రోసాఫ్ట్ వాళ్ళది లాంటి బొమ్మ ఉండేది. కాయితం సరిగ్గా కనబడాలంటే పైన పసుపు పట్టీలో ఫలానా బటన్ నొక్కండి, తర్వాత ఫలానాది నొక్కండి అని వరసగా రాసి ఉండేది. జనం బుద్ధిగా నొక్కేవారు. ఎందుకు నొక్కరు, మామూలు రోజుల్లో కూడా పని జరగాలంటే నొక్కాల్సింది ఆ బటనే కదా!

ఇక్కడ యాడ్-ఇన్‌ల గొడవ చెప్పుకోవాలి. ఎందుకంటే ఈ హెచ్చరికలకి, వాటికి తేడా తెలియక డబ్బు పోగొట్టుకుంటున్నవాళ్ళున్నారు. వర్డ్‌కి తోకలా తగిలించుకునే చిన్న ప్రోగ్రాములు ఈ యాడ్-ఇన్‌లు. ఆఫీస్ 2010లో మొదటిసారి 64 బిట్ రకం వచ్చింది. 2019 నుంచి మామూలుగా ఎక్కేది అదే. 32 బిట్ కోసం కట్టిన పాత యాడ్-ఇన్ దాంట్లో ఎక్కదు. పాత మాక్రోల్లో విండోస్‌ని నేరుగా పిలిచే వాక్యాలుంటే, వాటికి పిటిఆర్‌సేఫ్ అనే మాట చేర్చమని ఎర్రర్ వస్తుంది. పాత తెలుగు ఫాంటుని యూనికోడ్‌లోకి మార్చే ఒక పనిముట్టు నా కొత్త కంప్యూటర్‌లో ఇలాగే మొరాయిస్తే, వైరస్ పట్టిందని చెప్పి ఒకాయన హార్డ్ డిస్క్ ఫార్మాట్ కొట్టబోయాడు. జబ్బు లేదు, కొలత కుదరలేదు, అంతే.

వర్డ్ తెరుచుకోకుండానే పడిపోతుంటే కంట్రోల్ మీట నొక్కి పట్టుకుని వర్డ్ గుర్తు మీద నొక్కండి. సేఫ్ మోడ్‌లో యాడ్-ఇన్‌లు లేకుండా తెరుచుకుంటుంది. అలా తెరుచుకుందంటే దోషం యాడ్-ఇన్‌లలోనో, నార్మల్ టెంప్లేట్‌లోనో ఉందన్నమాట. ఫైల్, ఆప్షన్స్, యాడ్-ఇన్స్‌లోకి వెళ్ళి అన్నిటికీ టిక్కు తీసేసి, వర్డ్ మూసి తెరుస్తూ ఒక్కోటే పెట్టి చూడాలి. అక్కడే డిజేబుల్డ్ ఐటమ్స్ అని ఉంటుంది. ఒకసారి వర్డ్‌ని పడగొట్టిన యాడ్-ఇన్‌ని వర్డ్ అందులో పెట్టేస్తుంది. మాయమైపోయిందనుకున్నది చాలాసార్లు అక్కడే దొరుకుతుంది. నార్మల్ టెంప్లేట్ మీద అనుమానముంటే వర్డ్ మూసి దాని పేరు మార్చండి, కొత్తది అదే పుట్టించుకుంటుంది. పాతదాంట్లో మీరు దాచుకున్న మాక్రోలు, స్టైళ్ళు మాత్రం కొత్తదాంట్లోకి రావు, అందుకని చెరిపేయకండి.

మళ్ళీ కథలోకి. హేచరీ ప్రశ్నకి కావాల్సిన సరంజామా నిజానికి 2004 నుంచీ ఉంది. విండోస్ ఎక్స్‌పీ రెండో సర్వీస్ ప్యాక్ నుంచి, నెట్‌లోంచి దింపుకున్న ఫైలుకి కంటికి కనపడని చీటీ ఒకటి అంటుకుంటూ వస్తోంది. అందులో జోన్ సంఖ్య 3 అని ఉంటే, ఆ ఫైలు బయటి నుంచి వచ్చిందని అర్థం. ప్రొటెక్టెడ్ వ్యూ చూసేది ఆ చీటీనే. మాక్రోల విషయంలో మాత్రం, చీటీ ఉన్నా లేకపోయినా, చివరి మాట కుర్చీలో కూర్చున్నవాడికే వదిలేస్తూ వచ్చారు.

2009లో మన దేశంలో వనామీ రొయ్యకి అనుమతి ఇచ్చినప్పుడు ఆ తప్పు చేయలేదు. రోగం లేని తల్లి రొయ్యల్నే తేవాలి, చెన్నై క్వారంటైన్ కేంద్రంలో ఉంచాకే హేచరీకి వదలాలి అన్నారు. గట్టు మీది రైతుని నిలబెట్టి ఈ తల్లి రొయ్యకి రోగం ఉందా లేదా నువ్వే చెప్పు అనలేదు.

మైక్రోసాఫ్ట్ 2022 ఫిబ్రవరి 7న అలాంటి నిర్ణయానికే వచ్చింది. నెట్‌లోంచి వచ్చిన చీటీ ఉన్న ఫైల్లో మాక్రో నడవదు, అడగడం లేదు అంది. ఏప్రిల్లో మొదలుపెట్టి, వాడేవాళ్ళ అభ్యంతరాలతో జూలై మొదట్లో వెనక్కి తీసుకుని, ఆ నెలలోనే మళ్ళీ అమల్లో పెట్టింది. కొత్త వర్డ్‌లో ఇప్పుడు పడేది ఎర్ర పట్టీ. దాని మీద ఎనేబుల్ బటన్ లేదు. మాక్రోల దారి మూసుకోవడంతో దొంగలు వేరే రకం ఫైళ్ళ వైపు మళ్ళారు. ఈ పట్టీ పనిచేసిందనడానికి నాకు అంతకన్నా సాక్ష్యం అక్కర్లేదు.

ఎర్ర పట్టీ పడిన ఫైలు నిజంగా కావాల్సిందే అయితే, ముందు పంపినవాళ్ళకి ఫోను చేసి మీరే పంపారా, లోపల మాక్రో ఎందుకు పెట్టారు అని అడగండి. జవాబు నచ్చితే ఫైలు మీద కుడి మీట నొక్కి, ప్రాపర్టీస్‌లో అన్‌బ్లాక్ గడికి టిక్కు పెట్టండి. ఆ చీటీ ఊడిపోతుంది.

ఇంకొక్క మాట. చీటీ విండోస్ డిస్కు మీద నిలుస్తుంది గాని ఫ్యాట్32 పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించగానే రాలిపోతుంది. పెన్‌డ్రైవ్‌లో పట్టుకెళ్ళిన మాక్రో ఫైలుకి షాపులో ఎర్ర పట్టీ పడదు. పాత పసుపు పట్టీయే పడుతుంది, బటన్‌తో సహా.